నత్తగుల్లలో తీగ

కూచిపూడి భాగవతులకు తక్కిన నాట్యసంప్రదాయాల వారికి అంతగా లేని ఒక బరువు ఉన్నది. వేషగాడు ఆడితే చాలదు, పాడాలి, మాట్లాడాలి కూడా. ఆంగికం, ఆహార్యం, సాత్త్వికం అన్ని నాట్యాలకూ ఉన్నవే. వాచికాన్ని పాత్రధారి నోటనే నిలబెట్టినది మన యక్షగాన, కలాప సంప్రదాయం. సత్యభామ తెర వెనుకనుండి జడ చూపించి ఊరుకోదు, తానెవరో తన నోటితో చెప్పుకొని వస్తుంది. ఆ ఊళ్ళో పసివాడికి నడక కుదిరే నాటికే తాళపు చప్పుడూ, జతుల నడకా చెవిలో స్థిరపడి ఉంటాయి. ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. చెవి తెరుచుకొని ఉన్నది గనుక అవి లోపలికి పోతాయి.

చెవి తెరుచుకోని బిడ్డ సంగతి ఏమిటి? కూచిపూడి అన్నది ఒక ఉదాహరణ మాత్రమే. ఆ ఊరి వంశాల గురించి నేను చెప్పబోవడం లేదు. మొవ్వ, పామర్రు, ఉయ్యూరు, బెజవాడ, ఇంకా చెప్పాలంటే తెలుగునేల అంతటా పుట్టుకతో వినికిడి లేని బిడ్డలకు గడచిన అర్ధశతాబ్దిలో ఏమి జరిగింది, ఏమి జరగలేదు అన్నది ఈ వ్యాస విషయం.

మన భాషలోనే ఒక చిక్కు ఉన్నది. చెవిటి, మూగ అని రెండు మాటలున్నా జనవ్యవహారంలో పుట్టు చెవిటివాణ్ణి మూగవాడనే పిలుస్తాము. నాలుకకు ఏ లోపమూ లేదు, గొంతుకు ఏ లోపమూ లేదు. మాట వినలేదు కాబట్టి మాట రాలేదు, అంతే. ఇంత చిన్న సంగతి గ్రహించడానికి లోకానికి చాలాకాలం పట్టింది. మన దేశంలో బధిరుల పాఠశాలలు బొంబాయిలో 1885లోనూ, కలకత్తాలో 1893లోనూ మొదలైనాయి. అప్పటి చెన్నపురి రాజధానిలో, అంటే మన కృష్ణా జిల్లా కూడా భాగంగా ఉన్న ప్రాంతంలో, దూరాన తిరునెల్వేలి పక్కనున్న పాళయంకోట్టలో 1896లో ఫ్లారెన్స్ స్వైన్సన్ అనే మిషనరీ వనిత ఒక బడి పెట్టింది. కృష్ణాతీరం నుండి అక్కడికి ఎందరు పిల్లలు వెళ్ళగలిగి ఉంటారో ఊహించుకోవచ్చు. మైసూరులో వాక్‌శ్రవణ సంస్థ 1965లోనూ, బొంబాయిలో అలీ యావర్ జంగ్ సంస్థ 1983లోనూ వచ్చాయి. ఆ రెండవ దానికి సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రం ఏర్పడిన తరువాతనే తెలుగు పిల్లల వినికిడి పరీక్ష అన్నది కాస్త దగ్గరికి వచ్చింది.

ఇక యంత్రం కథ. 1957వ సంవత్సరం బెజవాడ వారికి ప్రకాశం బ్యారేజీ పూర్తయిన ఏడాదిగా గుర్తు. అదే ఏడాది ఫిబ్రవరి 25న పారిస్ నగరంలో ఆంద్రే జూర్నో అనే శాస్త్రజ్ఞుడూ, షార్ల్ ఎరియెస్ అనే శస్త్రవైద్యుడూ కలిసి, రెండు చెవులూ పూర్తిగా పోయిన ఒక మనిషి శ్రవణనాడి వద్ద ఒక తీగచుట్టను అమర్చారు. బయటినుండి విద్యుత్తు పంపితే ఆ మనిషికి కీచురాళ్ళ రొద వంటిది వినిపించింది. సాధన చేసిన మీదట కొన్ని చిన్న మాటలు గుర్తుపట్టగలిగాడు. వాక్యం మాత్రం అందలేదు. కొంతకాలానికి తీగ తెగింది, మళ్ళీ పెట్టారు, అదీ చెడింది. ఎరియెస్ ఆ ప్రయత్నం విడిచిపెట్టాడు. జూర్నో తన ఆలోచనను ఒక వ్యాపారసంస్థకు కట్టబెట్టడానికి ఇష్టపడలేదు. ఆ మంచితనం వల్లనే కొంత ఆలస్యం జరిగిందేమో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. కథ అక్కడితో ఆగవలసింది. ఆ ప్రయోగం గురించిన ఒక పత్రికావార్తను లాస్ ఏంజలిస్‌లో ఎవరో రోగి తన వైద్యుడికి తెచ్చి చూపించాడు. ఆ వైద్యుడు విలియం హౌస్. 1961లో ఆయన ప్రయత్నం మొదలైంది.

చెవి లోపలి భాగాన్ని మన పాఠ్యపుస్తకాలు కర్ణావర్తం అంటాయి. గ్రీకులో దానిపేరుకు అర్థం నత్త. రెండున్నర చుట్లు తిరిగిన నత్తగుల్ల అది. మొదట్లో హెచ్చు స్వరాలు, కొసన మంద్రస్వరాలు పలికేటట్లుగా దానిలో రోమకణాలు బారులు తీరి ఉంటాయని గేయార్గ్ ఫాన్ బేకెషీ పరిశోధన తేల్చింది. అందుకు ఆయనకు 1961లోనే నోబెల్ బహుమతి వచ్చింది. మెదడుకు సమాచారం చేర్చే లోపలి రోమకణాలు ఒక్కొక్క చెవిలో మూడున్నర వేలు మాత్రమే. పుట్టు చెవుడులో చాలా సందర్భాలలో పాడైనవి ఈ కణాలే. వాటి వెనుక ఉన్న నాడి బాగానే ఉంటుంది. కణాలను దాటి నాడికే నేరుగా విద్యుత్తు అందిస్తే సరిపోతుంది గదా అన్నది హౌస్ ఆలోచన. ఆయన ఒకే తీగ పెట్టాడు. మెల్బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ నత్తగుల్ల చుట్ల వెంట లోపలికి సాగే పలు ఎలక్ట్రోడ్ల తీగను తయారుచేసి 1978లో అమర్చాడు. క్లార్క్ తండ్రికి వినికిడి తక్కువ. తీగ విరగకుండా వంకర దారిలో ఎలా పోనివ్వాలన్నది ఆయనను వేధించిన సమస్య. సముద్రపు ఒడ్డున ఒక గుల్లలోకి గడ్డిపరకను దూర్చి చూసి, మొదలు గట్టిగా, కొన మెత్తగా ఉంటే పోతుందని తెలుసుకొన్నాడట. వియన్నాలో హోఖ్‌మైర్ దంపతులు అదే కాలంలో తమ పరికరాన్ని నిర్మించారు. 1991లో బ్లేక్ విల్సన్ మాటను విద్యుత్తుగా విడగొట్టే పద్ధతిని మార్చిన తరువాత ఈ యంత్రాలతో ఫోనులో మాట్లాడగలగడం సాధ్యమైంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పెద్దలకు 1984లోనూ, రెండేళ్ళు దాటిన పిల్లలకు 1990లోనూ అనుమతి ఇచ్చింది. 2000లో ఆ వయస్సు పన్నెండు నెలలకు దిగింది, 2020లో తొమ్మిది నెలలకు.

వయస్సు ఎందుకు దిగుతూ వచ్చింది? చెవి వింటే చాలదు, మెదడు నేర్చుకోవాలి. ఆ నేర్పు పసితనానికి మాత్రమే ఉంటుంది. కొలరాడో విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న అను శర్మ, సహచరులతో కలిసి 2002లో ప్రచురించిన పరిశోధనలో ఒక సంగతి తేలింది. మూడున్నర సంవత్సరాలలోపు ఇంప్లాంట్ అందుకొన్న పిల్లల మెదడు ధ్వనికి స్పందించే వేగం కొద్దినెలల్లోనే మామూలు పిల్లల స్థాయికి వస్తుంది. ఏడేళ్ళు దాటాక పెట్టించుకొన్నవారిలో అది చాలామందికి ఎన్నటికీ రాదు. ఆ తరువాత పెట్టే యంత్రం శబ్దాన్ని వినిపిస్తుంది, భాషను ఇవ్వలేదు.

ఇప్పుడు మన రాష్ట్రానికి వద్దాం. 2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం మూడు జిల్లాలలో మొదలై, మరుసటి సంవత్సరానికల్లా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటికీ విస్తరించింది. ఆ పథకంలో తెల్లకార్డు కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో యాభైవేలు, మొత్తం రెండు లక్షలు పరిమితి. ఒకే ఒక్క చికిత్సకు ఆ కట్టు విప్పారు. ఆరేళ్ళలోపు పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్సకూ, ఆ పిమ్మట మాట నేర్పే శిక్షణకూ కలిపి ఆరున్నర లక్షల రూపాయల వరకూ ఇచ్చే ఏర్పాటు అది. గుండె ఆపరేషనుకు లేని మినహాయింపు చెవికి! అప్పట్లో దీనిమీద వాదవివాదాలు గట్టిగానే నడిచాయి. ప్రజాధనం ప్రైవేటు ఆసుపత్రులకు పోతున్నదనీ, అదే డబ్బుతో ఎన్ని ప్రాథమిక ఆరోగ్యకేంద్రాలు బాగుచేయవచ్చునో అనీ పెద్దలు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. అయితే ఆ డబ్బులో పెద్దభాగం ఆసుపత్రికి కాదు, ఆస్ట్రేలియాలోనో, ఆస్ట్రియాలోనో తయారైన పరికరానికి పోయింది. ప్రశ్న వేయవలసింది దాని ధర మీద.

ఆ ప్రశ్న వేసినవారిలో అబ్దుల్ కలాం ఒకరు. ఆయన ప్రోత్సాహంతో స్వదేశీ ఇంప్లాంట్ తయారీకి రక్షణ పరిశోధనా సంస్థ పూనుకొన్నది. ఆ పనిని ఎత్తుకొన్నది విశాఖపట్నంలోని నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల. నీటిలో దూసుకుపోయే టార్పెడోలు తయారుచేసే చోట పసిపిల్లల చెవికి యంత్రం! వింతేమీ లేదు. నీటి లోపలి శబ్దాన్ని పట్టి విశ్లేషించడం వారి నిత్యకృత్యం. లక్ష రూపాయల ప్రాంతంలో ఇవ్వాలన్నది వారి ఆశయం. అయినా ఇప్పటికీ ప్రభుత్వ పథకాల కింద మన పిల్లలకు అమరుస్తున్నవి విదేశీ పరికరాలే. కేంద్రప్రభుత్వం తన ఏడిప్ పథకంలో 2014 నుండి ఇంప్లాంటును చేర్చి, ఒక్కొక్కదానికి ఆరు లక్షల పరిమితితో ఏడాదికి అయిదువందల మంది పిల్లలకు అని పెట్టుకొన్నది. దేశం మొత్తానికి అయిదువందలు.

ఇంతవరకూ చెప్పినది అందరు పిల్లలకూ చెందిన చరిత్ర. అసలు నన్ను ఈ వ్యాసానికి పురిగొల్పినది మరొక సంగతి. పుట్టు చెవుడులో సగానికి పైగా జన్యువుల వలన వచ్చేదే. అందులో కూడా అత్యధికం ఒక్క చెవికే పరిమితం. 1997లో లండన్ పరిశోధకులు కనెక్సిన్ 26 అనే ప్రోటీను జన్యువును దీనికి కారణంగా గుర్తించారు. ఐరోపా వారిలో ఆ జన్యువులో ఒక రకం లోపం, చైనా, జపాను వారిలో మరొక రకం, మన భారతీయులలో ఇంకొక రకం సర్వసాధారణం. మనది ఇరవైనాలుగవ స్థానం దగ్గర ప్రోటీను అర్ధాంతరంగా ఆగిపోయే రకం. విచిత్రమేమంటే స్లొవేకియా, స్పెయిన్ దేశాల రోమా జాతీయులలో కూడా మన రకమే కనిపించింది. వెయ్యేళ్ళ నాడు ఈ గడ్డ విడిచి వెళ్ళిన సంచారజాతులు తమ మాటలతో పాటు ఈ లోపాన్ని కూడా మోసుకుపోయాయన్నమాట. భాషాశాస్త్రజ్ఞులు పదాలు పోల్చి చెప్పినదానికి చెవిటిబిడ్డల రక్తం సాక్ష్యం పలికింది.

ఇది అంతర్గత లక్షణం. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, రెండు లోపపు ప్రతులు కలిస్తేనే బిడ్డకు చెవుడు. మేనరికం ఇక్కడ వస్తుంది. మేనత్త, మేనమామ బిడ్డల పెళ్ళిలో పుట్టిన బిడ్డకు ఏదైనా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుండి వచ్చే అవకాశం పదహారింట ఒకటి. అక్క కూతురిని చేసుకొంటే ఎనిమిదింట ఒకటి. దక్షిణాది రాష్ట్రాలలో ఈనాటికీ దాదాపు నాలుగింట ఒక పెళ్ళి అయినవాళ్ళ మధ్యనే. పొలం చీలిపోకూడదు, ఆడపిల్ల కళ్ళెదుట ఉండాలి అన్న కారణాలు డెల్టా రైతుకు చిన్నవి కావు. తప్పు ఎంచడం తేలిక. అయితే మేనరికం చేసుకొన్న జంటలలో అత్యధికుల బిడ్డలు ఆరోగ్యంగానే ఉంటారన్నది కూడా నిజమే. అందుకే హెచ్చరికలు ఎవరికీ ఎక్కవు.

కనెక్సిన్ పిల్లలకు ఇంప్లాంట్ బాగా పనిచేస్తుంది. నాడి చెక్కుచెదరదు గనుక. కష్టమంతా అరుదైన వ్యాధుల దగ్గర. అక్కడ చెవుడు పైకి కనబడే కొస మాత్రమే, అడుగున మరొకటి దాగి ఉంటుంది.

నేను పైన 1957 అన్నాను గదా. అదే ఏడాది నార్వేలో జెర్వెల్, లాంగె నీల్సెన్ అనే వైద్యులు ఒక కుటుంబం గురించి రాశారు. ఆరుగురు పిల్లలలో నలుగురు పుట్టు చెవిటివారు. నలుగురికీ ఉండుండి స్పృహ తప్పేది. ముగ్గురు పసితనంలోనే హఠాత్తుగా చనిపోయారు. కారణం నలభై ఏళ్ళ తరువాత తెలిసింది. లోపలి చెవిలోని ద్రవానికి పొటాషియం అందించే కాలువా, గుండె ఒక్కొక్క దెబ్బ తరువాత సేదదీరడానికి వాడుకొనే కాలువా ఒక్కటే. ఒకే జన్యువు రెండు చోట్లా పనిచేస్తుంది. ఇటువంటి బిడ్డకు మత్తు ఇచ్చి బల్ల మీద పడుకోబెడితే ఆ గుండె ఆగవచ్చు. పది నిమిషాల ఇ.సి.జి. తీస్తే బయటపడే సంగతి ఇది. ముందే తెలిస్తే మందులు వాడి, జాగ్రత్తలు తీసుకొని, ఇంప్లాంట్ నిక్షేపంగా పెట్టవచ్చు, పెడుతున్నారు కూడా. తెలియని చోట, స్పృహతప్పిన చెవిటిబిడ్డకు ఫిట్స్ అని పేరుపెట్టి మూర్ఛమందులు వాడుతూ ఉంటారు.

అషర్ వ్యాధి మరొక రకం. బ్రిటిష్ నేత్రవైద్యుడు చార్లెస్ అషర్ 1914లో ఇది వంశపారంపర్యమని చూపించాడు. తీవ్రరూపంలో బిడ్డ పుట్టుకతోనే చెవిటి. తూకం నిలవదు గనుక నడక ఆలస్యం. పదేళ్ళ ప్రాయంలో రేచీకటి మొదలై, చూపు అంచులనుండి లోపలికి కుదించుకుపోతుంది. తక్కిన చెవిటి పిల్లలకు ఇంప్లాంట్ దొరకకపోయినా సైగభాష ఉంటుంది. అది పూర్తి భాష, దానిలో పెరిగినవారు తమకు లోపమున్నదని అనుకోరు. ఇంప్లాంట్ కోసం వారిమీద ఒత్తిడి తేవడాన్ని బధిరసమాజం వ్యతిరేకించడంలో న్యాయమున్నది. అషర్ బిడ్డ విషయంలో ఆ వాదం నిలవదు. సైగలు చూడవలసిన కళ్ళే పోతాయి. ఆ బిడ్డకు చెవి రెండేళ్ళలోపు అందకపోతే ఇరవై ఏళ్ళ వయస్సులో అందుకొనే దారులన్నీ మూసుకుపోతాయి.

వార్డెన్‌బర్గ్ వ్యాధిని హాలండు వైద్యుడు 1951లో వర్ణించాడు. నుదుటి మీద తెల్లజుట్టు పాయ, నీలికళ్ళు, చెవుడు. మన పల్లెలలో పిల్లికళ్ళ బిడ్డ అని ముద్దుగానో, అదోలానో అంటారే తప్ప వినికిడికీ దానికీ ముడిపెట్టరు. ఇది చాలావరకు బహిర్గత లక్షణం. ఒక్క ప్రతి చాలు, మేనరికానికి దీనిలో పాత్ర లేదు. ప్రతి చెవుడునూ మేనరికం ఖాతాలో వేసి తల్లిదండ్రులను నిందించేవారు ఇది గమనించాలి. వీరికీ ఇంప్లాంట్ బాగా అక్కరకు వస్తుంది. ఇక నత్తగుల్లే ఏర్పడని, లేదా శ్రవణనాడే లేని బిడ్డలు కొందరుంటారు. వారికి తీగ పెట్టడానికి చోటే లేదు. స్కాన్ చేయకుండా ఆశ పెట్టడం ఘోరం.

ఇప్పుడు ప్రభుత్వ నిబంధనలను ఈ పిల్లల వైపునుండి చదివి చూడండి. ఆరేళ్ళ పరిమితిని తరువాతి ప్రభుత్వకాలంలో పుట్టు చెవుడుకు రెండేళ్ళకు కుదించారు. శాస్త్రం ప్రకారం చిన్న వయస్సే మేలు గనుక నిబంధన చూడటానికి శాస్త్రీయంగానే ఉన్నది. కానీ చిన్న వయస్సు మేలు అన్నది వైద్యం త్వరగా చేయడానికి చెప్పిన మాట, ఆలస్యమైనవారిని తోసివేయడానికి కాదు. పుట్టిన బిడ్డ చెవిలో చిన్న గొట్టం పెట్టి ప్రతిధ్వనిని కొలిచే ఓ.ఏ.ఇ. పరీక్ష ప్రతి కాన్పు ఆసుపత్రిలోనూ చేసి ఉంటే రెండేళ్ళ గీత గీయవచ్చు. ఆ పరీక్ష లేని చోట బిడ్డ పలకడం లేదని తల్లి కనిపెట్టేసరికే ఏడాదిన్నర. తండ్రి కూడా ఆలస్యంగా మాట్లాడాడు, మగపిల్లలకు మాట ఆలస్యం అని పెద్దవాళ్ళు ధైర్యం చెబుతారు. మరో ఆరునెలలు. తరువాత పట్నంలో పరీక్షలు, జెర్వెల్ అనుమానమో అషర్ అనుమానమో వస్తే గుండెవైద్యుడూ, కంటివైద్యుడూ. అరుదైన జబ్బున్న బిడ్డకు పరీక్షలు ఎక్కువ, కాబట్టి కాలం ఎక్కువ. ఎవరికి ఇంప్లాంట్ మరీ అవసరమో వారే గీత దాటిపోతారు. ఇది ఎవరూ కావాలని చేసిన అన్యాయం కాదు. నిబంధన రాసినవారి మనస్సులో సగటు బిడ్డ ఉన్నాడు, అంతే.

శస్త్రచికిత్స రెండు మూడు గంటల పని. అసలు పని ఆ తరువాత. యంత్రం వినిపించే రొదను మాటగా గుర్తించడం నేర్పాలి, వారంవారం, సంవత్సరం పైబడి. కూచిపూడి నుండి బెజవాడకు యాభై కిలోమీటర్ల పైచిలుకు. కౌలురైతు భార్య చంకలో బిడ్డతో పామర్రు, ఉయ్యూరు మీదుగా బస్సెక్కి పోయిరావడమంటే ఒక రోజు కూలి, ఇద్దరి చార్జీలు. నాట్లలో, కోతల్లో తప్పిపోతుంది. శిక్షణ ఆగితే ఆరున్నర లక్షల యంత్రం చెవి వెనుక బొట్టుబిళ్ళలా మిగులుతుంది. తీగలు తెగుతాయి, బ్యాటరీలు అయిపోతాయి, డెల్టా ఉక్కపోత వాటికి పడదు, కొన్నేళ్ళకు బయటి పరికరం మొత్తం మార్చవలసి వస్తుంది. పథకాల చర్చలో ఈ ఖర్చు ఎప్పుడూ చివరి పేజీలోనే ఉంటుంది.

యంత్రం ఏమి వినిపిస్తుంది? మూడున్నర వేల కణాల స్థానంలో ఇరవైరెండో, పన్నెండో ఎలక్ట్రోడ్లు. నిశ్శబ్దపు గదిలో మాట అందుతుంది. సంతలో కష్టం. సంగీతంలో మాత్రం ఒక తమాషా ఉన్నది. స్వరాల తేడా వారికి చాలా మసకగా అందుతుంది, రెండు రాగాల మధ్య భేదం చాలామందికి చిక్కదు. లయ మాత్రం మామూలు చెవికి దాదాపు సమానంగా చేరుతుందని పరీక్షలు చెబుతున్నాయి. నట్టువాంగపు తాళం, జతి, నడక, తీర్మానం, ఇవన్నీ చెక్కుచెదరకుండా వెళతాయి. భైరవికీ ముఖారికీ తేడా వెళ్ళదు. కలాపం నేర్వబోయే బిడ్డకు శ్రుతి అందకపోవచ్చు, అడుగు తప్పనవసరం లేదు.

2024 జనవరిలో షాంఘై వైద్యులు మరొక మార్గం గురించి ప్రచురించారు. ఓటోఫెర్లిన్ అనే ప్రోటీను లేని కారణంగా చెవిటివారైన ఆరుగురు పిల్లల కర్ణావర్తంలోకి వైరస్ ద్వారా మంచి జన్యువును ఎక్కించగా అయిదుగురికి వినికిడి వచ్చింది. చెవుడులో ఇది అరుదైన రకమే. తక్కిన జన్యువులకు ఇటువంటి మందు ఎప్పుడు వస్తుందో ఇంకా ప్రయోగశాలల మాట. అయితే ఆ వార్త తరువాత తల్లిదండ్రుల ముందు కొత్త చిక్కు వచ్చిపడింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 తరువాత రెండు చెవులకూ ఇంప్లాంట్ పెట్టించే ఏర్పాటు వచ్చింది, పన్నెండు లక్షల దాకా. రెండు వైపులా వింటేనే శబ్దం ఏ దిక్కునుండి వస్తున్నదో తెలుస్తుంది, రొదలో మాట పట్టుబడుతుంది. కానీ తీగ దూర్చిన నత్తగుల్లలో మిగిలిన సున్నితమైన కణాలు కొన్ని దెబ్బతినవచ్చు. రేపు వచ్చే మందుకోసం ఒక చెవిని అలాగే ఉంచాలా, మెదడు మెత్తగా ఉన్న ఈ రెండు మూడేళ్ళలోనే రెండూ నింపాలా అని వైద్యులలోనే ఏకాభిప్రాయం లేదు. జన్యుపరీక్ష చేయించినవారికే ఆ ప్రశ్న ఎదురవుతుంది. డెల్టాలో చాలామంది పిల్లలకు ఆ పరీక్ష ఇంకా జరగలేదు.